రెండున్నరకు నొక్కే మనిషి

ఆ వీధిలో ఆవిడ అసలు పేరు ఎవరినడిగినా బుర్ర గోక్కుంటారు. "కదలకండి మేడమ్ స్టూడియో ఎక్కడ?" అనండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మెట్ల దగ్గర వదిలిపెడతారు. ఇరవై ఏడేళ్ళుగా పాస్‌పోర్టు సైజు ఫొటోలు తీస్తూ, వచ్చిన ప్రతివాళ్ళకీ "కదలకండి, కదలకండి" అని చెబుతూ ఉంటే ఇంక పేరెక్కడ మిగులుతుంది? ఇంట్లోనూ అదే వరస. ఒకరోజు భర్త గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంటుంటే, "గడ్డం కొంచెం దించండి" అనేసి తర్వాత నాలుక్కరుచుకుందట. అప్పటికే ఆయన దించేశాడట కూడా.

జనాన్ని అలా బిగదీసి కూర్చోబెట్టే మనిషి, పొద్దు వాలేసరికి కెమెరా సంచి భుజాన వేసుకుని, ఒక్క క్షణం నిలకడగా ఉండని వాళ్ళను ఫొటో తీయడానికి స్టేడియానికి బయల్దేరుతుందంటే కొత్తవాళ్ళు నమ్మరు. పదకొండేళ్ళుగా ఆ ఊళ్ళో దీపాల వెలుగులో జరిగిన ప్రతి ఫుట్‌బాల్ మ్యాచ్‌కీ స్థానిక పత్రికలో వచ్చిన బొమ్మ ఆవిడ తీసిందే. మైదానం పక్కగీతకు బయట, గోలుకు కాస్త ముందుగా, గడ్డి మీద మడత పీట వేసుకుని కూర్చుంటుంది. ఆ చోటు చేజారిపోబోయిన రాత్రి ఒకటుంది. నేను చెప్పబోయేది దాని సంగతే. అయితే ముందు ఆవిడ పని గురించి నాలుగు ముక్కలు తెలియాలి. భయపడకండి, సాగదీయను.

స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. జిరాక్సు షాపుకూ బట్టలు కుట్టే గదికీ మధ్య ఇరుక్కున్న సన్నటి గది. ముందు కౌంటరు, వెనక పరదా, పరదా వెనక గుండ్రటి స్టూలు, తెల్లటి తెర, గొడుగు తగిలించిన పెద్ద ఫ్లాష్ లైటు. అద్దం పక్కన దువ్వెన తాడుకు కట్టి వేలాడుతూ ఉంటుంది. తాడు కట్టకముందు నెలకో దువ్వెన ఎవరి జేబులోనో ఎక్కి వెళ్ళిపోయేది. స్టూడియో పెట్టింది ఆవిడ తండ్రి. ఎనభైకి దగ్గరపడినా ఫొటోలు కత్తిరించే పని ఇప్పటికీ ఆయనదే. కూతురు కత్తిరిస్తే అంచు వంకర పోతుందని ఆయన గట్టి నమ్మకం. పోదు. కానీ ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఆయన కూతురికి నేర్పిన రహస్యం ఒక్కటే. "మూడు అనగానే జనం రెప్పేస్తారమ్మాయ్. మూడు కోసమే కాచుక్కూర్చుంటారు గదా. నువ్వు రెండున్నరకే నొక్కెయ్." లెక్క కస్టమరు కోసం, నొక్కడం మన కోసం అన్నది ఆయన సిద్ధాంతం. చేతికి ఆ అలవాటు ఎంతగా పట్టిందంటే, ఎదుటి మనిషి కన్ను మూయబోతున్న సంగతి ఆ మనిషి కంటే ముందు ఆవిడ వేలికి తెలిసిపోతుంది.

పదకొండేళ్ళ కిందట ఒకరోజు పత్రిక స్పోర్ట్స్ ఎడిటర్ గుర్తింపు కార్డు ఫొటో కోసం ఆ స్టూలు మీద కూర్చున్నాడు. మనిషి మొహం వేలాడేసుకుని ఉన్నాడు.

"కొంచెం నవ్వుమొహం పెట్టండి సార్," అంది ఆవిడ.

"ఏం నవ్వమంటారు మేడమ్! మా ఫొటోగ్రాఫర్ కాలు విరగ్గొట్టుకున్నాడు. రేపు రాత్రి మ్యాచ్ ఉంది. ఎవర్ని పంపాలో తోచట్లేదు."

"నేను వెళ్తాను సార్."

ఎందుకలా అందో ఈనాటికీ ఆవిడకు తెలియదు. పరదా అవతల కత్తిరిస్తున్న తండ్రి చెయ్యి మాత్రం ఆగింది. "ఆడేవాళ్ళు నువ్వు చెబితే కదలకుండా ఉంటారనుకున్నావా?" అన్నాడు.

స్టూడియోలో పుట్టి పెరిగినవాళ్ళకు వెలుతురంటే మనం వెంట తీసుకెళ్ళేది. అందుకని మర్నాడు ఆవిడ చేసిన పని ఏమిటో తెలుసా? నాలుగు టవర్ల మీద దీపాలు పట్టపగల్లా మండుతున్న స్టేడియంలోకి స్టూడియోలోని గొడుగు లైటును, దాని స్టాండుతో సహా మోసుకెళ్ళింది. టీ కొట్టువాణ్ణి బతిమాలి అతని ప్లగ్గు నుంచి మైదానం దాకా వైరు లాక్కుంది. చూసినవాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు.

రెండో సగంలో ఊరి అమ్మాయిల జట్టు మీద పెనాల్టీ ఇచ్చారు. గోల్‌కీపరుకు పద్దెనిమిదేళ్ళుంటాయి, అంతే. అవతలి పిల్ల బంతిని తన్నబోయే ముందు, సరిగ్గా రెండున్నరకు, ఆవిడ నొక్కింది. గది మొత్తం నింపే వెలుగు ఒక్కపెట్టున కీపరు కళ్ళలో కొట్టింది. పిల్ల ఎగరాల్సింది పోయి మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. బంతి పక్కనుంచి దొర్లుకుంటూ వెళ్ళి వలలో పడింది. జట్టు ఆ ఒక్క గోలుతో ఓడిపోయింది.

ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా ఆ ఫొటో పత్రికలో పెద్దగా వేశారు. మొహం దాచుకున్న ఆ పిల్లను చూసి ఊరంతా "పాపం, ఎంత ఏడుస్తోందో" అంటూనే, బంతిని వదిలేసిందని తప్పూ పట్టింది. అది ఏడుపు కాదని ఆవిడకు తెలుసు. ఎడిటర్ ఫోన్ చేసి మెచ్చుకుంటుంటే ఆవిడకు ముద్ద దిగలేదు. గొడుగు లైటు మళ్ళీ స్టూడియో గడప దాటలేదు.

ఫ్లాష్ లేకుండా మొదట్లో తీసినవన్నీ చూడ్డానికి లేవు. రాత్రిపూట దీపాలు మన కంటికి దేదీప్యమానంగా కనిపిస్తాయే గాని, కెమెరాకు ఆ వెలుగు పంటికిందికి చాలదు. కెమెరా చూపు పెంచితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకు వస్తుంది. పెంచకపోతే మనిషికి బదులు మరక వస్తుంది. ఆవిడ మొండిది. మ్యాచ్‌కు గంట ముందే వెళ్ళి, వెలుతురు కొలిచే మీటరు చేత్తో పట్టుకుని మైదానం చుట్టూ నడుస్తూ, ఎక్కడ వెలుగు ఎంత పడుతోందో నోటుబుక్కులో గీసుకునేది. ఏ టవర్లో ఏ దీపం చచ్చిందో కరెంటు మేస్త్రీ వచ్చి ఆవిణ్ణే అడిగే రోజు వచ్చింది.

ఇంకో సంగతి కనిపెట్టింది. ఎగిరిన మనిషి పైకి వెళ్ళడం ఆగి, కిందికి దిగడం మొదలుకాకముందు, లిప్తపాటు గాలిలో నిలబడిపోతుంది. ఎవరూ చెప్పకుండానే మనిషి కదలకుండా ఉండే సమయం అది. అప్పుడు నొక్కగలిగితే తక్కువ వెలుతురులో కూడా బొమ్మ నిలుస్తుంది. అయితే చూసి నొక్కితే ఆలస్యమే. కాళ్ళ చప్పుడు విని, భుజం వాలు చూసి, ముందే నొక్కాలి. నొక్కగానే కెమెరాలోని అద్దం లేచి కంటికి అడ్డం వస్తుంది. అంటే మంచి ఫొటో పడిన ప్రతిసారీ, ఆ ఘట్టాన్ని స్టేడియం మొత్తంలో చూడని మనిషి ఆవిడే. పదకొండేళ్ళలో ఒక్క గోలైనా కళ్ళారా చూశానని ఆవిడ చెప్పుకోలేదు.

తండ్రికి మాత్రం ఇవేవీ ఆనలేదు. "మొహం తిన్నగా ఉండాలి, చెవులు రెండూ కనిపించాలి. అది ఫొటో," అనేవాడు పత్రిక పక్కన పడేస్తూ. "ఇందులో మోకాలు తప్ప ఏముందమ్మాయ్?"

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ ఏడాది ఊరి జట్టు ఫైనల్‌కు వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఎడిటర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మా పెద్దవాళ్ళు ఇంక ఏజెన్సీ ఫొటోలే కొందామంటున్నారు. వాళ్ళు ఇవాళ ఐదుగురిని దింపుతున్నారు. మనకంటూ వేరే మనిషి ఎందుకని అడుగుతున్నారు. వాళ్ళ దగ్గర లేనిది ఒక్కటి మీరు పంపండి, నేను గట్టిగా మాట్లాడతాను. లేకపోతే ఇదే ఆఖరి మ్యాచ్. నా చేతుల్లో ఏం లేదు."

"సరే సార్," అని పెట్టేసింది.

"ఏమంటాడు?" అన్నాడు తండ్రి.

"బాగా తియ్యమంటున్నారు నాన్నా."

అంతకంటే చెప్పలేదు. కానీ ఆ సాయంత్రం సంచి సర్దుకుంటూ లెన్సు తుడిచిన గుడ్డనే మూడుసార్లు మడత పెట్టానని తర్వాత ఆవిడే చెప్పింది. పొద్దంతా పాస్‌పోర్టు ఫొటోలు తీయగలిగేది సాయంత్రం ఆ పీట మీద కూర్చోవడం ఉందనే. అది పోతే గుండ్రటి స్టూలు, తెల్లటి తెర, అంతే మిగులుతాయి.

స్టేడియం కిక్కిరిసింది. పక్కగీత వెంట ఫొటోగ్రాఫర్లు బారుగా కూర్చున్నారు. ఆవిడ పక్కన ఏజెన్సీ కుర్రాడు ఒకడు, మోచేతి నుంచి వేలి కొస దాకా పొడవున్న లెన్సుతో. ఆవిడ మనసులో అతనికి గొట్టం బాబు అని పేరు పెట్టేసింది. అవతలి కొసన ఊరి జట్టు గోలులో నిలబడింది పదకొండేళ్ళ కిందటి ఆ పిల్లే. ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, జనం ముద్దుగా "గోడ" అంటారు. ఇన్నేళ్ళలో ఇద్దరూ ఎదురుపడితే తలూపుకోవడమే తప్ప మాట్లాడుకున్నది లేదు. మాట్లాడాలని ఆవిడకు ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, అక్కడే ఆగింది.

మొదటి సగంలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. రెండో సగంలో కొసలు మారి గోడ ఆవిడ ఎదుటికి వచ్చింది. ఊరి జట్టు గోలు కొట్టింది, కానీ అవతలి కొసన. ఏజెన్సీకి ఆ కొసనా మనుషులున్నారు. ఆవిడకు ఆటగాళ్ళ వీపులు దొరికాయి. ఆట ముగియడానికి పట్టుమని పావుగంట లేదనగా, ఆవిడ వైపున్న టవరు ఒకటి ఢామ్మని పేలి ఆరిపోయింది. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి, దాని కరెంటు పెట్టె కాలిపోయిందనీ ఇవాళ్టికి వెలగదనీ చెప్పాడు. రెండు జట్ల కెప్టెన్లూ మాట్లాడుకుని, ఉన్న మూడింటితోనే ఆడేస్తామన్నారు. గోలులో సగం వెలుగు, సగం నీడ.

ఆఖరి నిమిషంలో, చూడండి తలరాత, ఊరి జట్టు మీదే పెనాల్టీ. ఆ చీకటి కొసనే. ఆపితే కప్పు మనది. లేకపోతే ఆట మళ్ళీ మొదటికి వస్తుంది. ఊరి జట్టు అమ్మాయిలు రిఫరీని చుట్టుముట్టి వాదనకు దిగారు. ఈలోగా గీత పక్కన చిటపటమని చప్పుళ్ళు. సంచుల్లోంచి ఫ్లాష్‌లు తీసి ఒక్కొక్కరే కెమెరాకు తగిలిస్తున్నారు. ఆవిడ జేబులో ఫోన్ మోగింది. ఎడిటర్ మెసేజ్ పెట్టాడు: "చీకటిగా ఉందట. ఎవరి దగ్గరైనా ఫ్లాష్ అడిగి వెయ్యండి. ఇదొక్కటే అవకాశం."

ఆవిడ ఫోన్ జేబులో పెట్టుకుని లేచి నిలబడింది.

"ఎవరూ ఫ్లాష్ వెయ్యకండి!"

స్టూడియోలో ఏడ్చే పిల్లల్ని, వాళ్ళను ఊరుకోబెట్టే తల్లుల్ని, వెనక నవ్వే మేనమామల్ని ఒక్క కేకతో బిగించే గొంతు అది. బారు మొత్తం తలెత్తింది.

"ఏంటండీ మీ గొడవ?" అన్నాడు గొట్టం బాబు. "వెయ్యకూడదని రూలుందా?"

"ఇక్కడ రూలేం లేదు. కానీ ఈ చీకట్లో వెలుగు కొడితే ఆ అమ్మాయికి బంతి కనబడదు."

"మీ కెమెరాకి దొరకదని మాకూ దొరక్కూడదా?"

"నాకు ఇవాళ దొరక్కపోతే రేపట్నుంచి నా పీటే ఉండదిక్కడ. అయినా వద్దనే అంటున్నా." ఆవిడ గోలు వైపు చెయ్యి చూపింది. "పదకొండేళ్ళ కింద ఇదే గోలు, ఇదే అమ్మాయి, ఇలాగే పెనాల్టీ. నేను ఫ్లాష్ కొట్టాను. ఓడింది నా వల్ల, మాటలు పడింది ఆ పిల్ల. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నా."

బారు చివర కూర్చున్న ఒక పెద్దాయన ముందుగా తన ఫ్లాష్ ఊడదీసి సంచిలో పడేశాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. గొట్టం బాబు పళ్ళ మధ్య ఏదో గొణుక్కుంటూ ఆఖరున తీశాడు. నన్నడిగితే ఆ రాత్రి గెలుపు అక్కడే అయిపోయింది. కానీ పత్రికవాళ్ళు దాన్ని అచ్చువేయరుగా.

ఆవిడ కూర్చుంది. కెమెరా కన్ను తెరిచి ఉండేది సెకనులో నూట అరవయ్యో వంతు. ఆ నీడలో అంతకంటే వేగం పెడితే బొమ్మ నల్లగా వస్తుంది. అంత నిదానంలో, ఎగిరిన మనిషి గాలిలో నిలిచే ఆ లిప్తకు ముందు నొక్కినా, తర్వాత నొక్కినా మరకే. ఒక్కసారే నొక్కాలి. గోడ ఎగరబోయే ముందు ఎడమ మోకాలు వంచుతుందని ఆవిడకు తెలుసు, ఎన్ని మ్యాచ్‌లు చూసింది కాదు! ఈల మోగింది. తన్నే అమ్మాయి అడుగులు గడ్డి మీద వినిపించాయి. ఎడమ మోకాలు వంగింది. ఆవిడ వేలు దిగింది.

కంటికి చీకటి. ఆ వెంటనే స్టేడియం విరిగి మీద పడ్డట్టు అరుపు.

"ఏమైంది? ఏమైంది బాబూ?" ఆవిడ పక్కవాడి భుజం పట్టుకుని ఊపేసింది.

"ఆపేసిందండీ! వేళ్ళ కొసతో బైటికి తోసేసింది!" గొట్టం బాబు తన కోపం మర్చిపోయి గంతులేస్తున్నాడు. "మీరు చూళ్ళేదా?"

"నొక్కుతుంటే ఎలా చూస్తాను?"

అతను వరసపెట్టి ఇరవై నొక్కాడు. తెర మీద చూసుకుంటే ఇరవైలోనూ నీళ్ళలో పడ్డ రంగులా ఒక మనిషి ఆకారం. ఆవిడ తనది చూసుకోవడానికి భయపడింది. అతనే కెమెరా లాక్కుని చూశాడు. తర్వాత "అమ్మా" అన్నాడు. అంతకుముందు దాకా "అండీ" అన్నవాడు.

గోలు పక్క నీడలోకి మనిషి బారుగా, నేలకు సమంగా సాగి ఉంది. ఒంట్లో సగం వెలుగులో, సగం చీకట్లో. చాచిన చేతి వేళ్ళు మాత్రం అవతలి టవరు వెలుగును అందుకున్నాయి, ఆ వేళ్ళ కొసకు బంతి ఆనుకుని ఉంది. కళ్ళు పూర్తిగా తెరిచి, బంతినే చూస్తున్నాయి. గరుకుందా అంటే ఉంది. అయితే ఏం?

మైదానమంతా జనం దిగిపోయారు. ఆ తోపులాటలోంచి గోడ, మోకాళ్ళ దాకా బురదతో, తిన్నగా పక్కగీత దగ్గరికి వచ్చింది.

"అంత గట్టిగా అరవాలా అక్కా? నాక్కూడా వినిపించింది."

"ఇన్నాళ్ళూ చెప్పలేకపోయాను తల్లీ. నోరు రాలేదు."

"ఆ వెలుగు మీదేనని నాకు అప్పుడే తెలుసు. టీ కొట్టు నుంచి వైరు లాగింది ఊరంతా చూసిందిగా!" అని నవ్వింది గోడ. "తర్వాతి మ్యాచ్‌కి ఆ లైటు లేకుండా వచ్చి ఒక మూల కూర్చున్నారు. అది కూడా చూశాను. అందుకే ఇంకేం అడగలేదు."

ఆవిడకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. కెమెరా తడిసిపోతుందని సంచిలో పెట్టేసి మరీ ఏడ్చింది.

ఫొటో అందిన ఐదు నిమిషాలకు ఎడిటర్ ఫోన్. "మేడమ్, ఇది ఇంకెవరి దగ్గరా లేదా?"

"లేదు సార్."

"ఫ్లాష్ వేశారా?"

"లేదు సార్."

"స్పోర్ట్స్ పేజీకి పంపట్లేదు. మొదటి పేజీకి పంపుతున్నాను," అన్నాడాయన.

పొద్దున్నే ఆవిడ స్టూడియోకు వెళ్ళేసరికి తండ్రి పత్రికను కౌంటరు మీద పరిచి, భూతద్దంతో అంగుళం అంగుళం చూస్తున్నాడు. "గరుకు ఎక్కువైంది," అన్నాడు తల ఎత్తకుండా. ఆవిడ పరదా వెనక్కు వెళ్ళింది. అక్కణ్ణుంచి చెవులు రిక్కించి వింటే, జిరాక్సు కోసం వచ్చి దారి తప్పి ఎక్కినవాణ్ణి కూడా ఆపి, "మా అమ్మాయి తీసింది. చీకట్లో. ఫ్లాష్ లేకుండా. ఒక్కటంటే ఒక్కటే నొక్కింది," అని చెబుతున్నాడు. పదింటిలోగా ఆ మాట తొమ్మిదిసార్లు విందట. లెక్కపెట్టుకుంది మరి.

పదకొండు గంటలకు ఎడిటర్ మళ్ళీ ఫోన్ చేశాడు. పెద్దవాళ్ళు ఒప్పుకున్నారనీ, ఇకమీదట ఒక్కో మ్యాచ్‌కూ చీటీ కాకుండా ఏడాదంతటికీ పాసు ఇస్తారనీ, దానికి ఆవిడ పాస్‌పోర్టు ఫొటో ఒకటి వెంటనే పంపమనీ చెప్పాడు.

ఆవిడ స్టూడియో మొత్తం వెతికింది. వేలమంది మొహాలున్నాయి, తనది ఒక్కటీ లేదు.

"కూర్చో," అన్నాడు తండ్రి.

ఆవిడ గుండ్రటి స్టూలు మీద కూర్చుంది. ఆయన చేతులు తుడుచుకుని, గొడుగు లైటు సర్ది, కెమెరా వెనక్కు వెళ్ళాడు.

"కూర్చున్నవాళ్ళనే అరవై ఏళ్ళు తీశానమ్మాయ్," అన్నాడు. "ఎగిరేవాళ్ళని తీయాలని నాకూ ఉండేది. భయమేసి ఎప్పుడూ వెళ్ళలేదు."

ఆవిడకు ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

"పాసు ఫొటోకి నవ్వకూడదు," అన్నాడు ఆయన, తన కళ్ళు తుడుచుకుంటూ.

"ఆగట్లేదు నాన్నా."

ఆయన అలాగే తీసేశాడు. ఆ పాసు మీద ఆవిడ పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ ఉంటుంది, పత్రికవాళ్ళు తిప్పి పంపలేదు.